తుప్పులోనుండి లేచిన కవచము

ట్రాజాన్ చక్రవర్తి డేసియా దేశముపై సాధించిన విజయమునకు గుర్తుగా క్రీ. శ. 113లో రోము నగరమున ప్రతిష్ఠింపబడిన పాలరాతి స్తంభము నేటికిని నిలిచియున్నది. పాదమునుండి శిఖరమువరకు దానిని చుట్టుకొనుచు సాగిపోవు శిల్పపంక్తిలో ఇంచుమించు 2,600 మనుష్యరూపములు కలవు. అందు సైనికులు నదులు దాటుదురు, అడవులు నరుకుదురు, కోటలు కట్టుదురు, పోరాడుదురు, గాయములకు కట్లు కట్టించుకొందురు. రోమను సైనికుడనగానే మన మనస్సున మెదలెడి ఆకారము, అనగా భుజములపైనను నడుముచుట్టును అడ్డముగా పేర్చిన ఇనుప పట్టీల కవచము, ఎడమచేత నిలువెత్తు వంపు డాలు, మొలను పొట్టికత్తి, చాలవరకు ఈ స్తంభము మనకిచ్చినదే. పదునాఱవ శతాబ్దమునుండి చిత్రకారులును పండితులును దీనినే పరమప్రమాణముగా గైకొని రోమను సేనలను చిత్రించుచు వచ్చిరి. చలనచిత్రములవారు ఆ చిత్రములనే అనుసరించిరి.

కాని శిల్పి చూపు వేఱు, కమ్మరి చూపు వేఱు. స్తంభముపైని శిల్పులు ముఖములు మఱుగుపడకుండుటకై డాళ్లను చిన్నవి చేసిరి. ఈటెలను, కత్తులను పలుచోట్ల లోహముతో విడిగా చేసి చేతులలో అమర్చుటచే అవి కాలక్రమమున ఊడిపోయి నేడు పిడికిళ్లు శూన్యముగా నున్నవి. రోమను పౌరులైన లీజియను సైనికులను, పౌరసత్వము లేని సహాయసేనలను చూపరులు తటాలున గుర్తుపట్టుటకై మొదటివారికందఱికిని పట్టీల కవచములను, రెండవవారికందఱికిని గొలుసు కవచములను తొడిగిరి. ఆ పట్టీలైనను ఇనుపరేకులవలె గాక దేహమునంటిన వస్త్రమువలె వంగుచుండును. వానిని కలుపు బందు ఎచ్చటనో, విప్పుకొను వీలు ఎట్టిదో ఆ శిల్పమున వెదకినను స్పష్టముగా కనబడదు. అదే యుద్ధమునకు సంబంధించి నేటి రుమేనియా దేశమున ఆదాంక్లిసి యను చోట మఱియొక విజయస్మారకము కలదు. దాని శిల్పులు రాజధానివారంత నేర్పరులు కారు. బొమ్మలు మొద్దుగా నుండును. అయినను అందు లీజియను సైనికులు గొలుసు కవచములతోను, పొలుసుల కవచములతోను, కత్తిచేతిని మణికట్టువరకు కప్పిన లోహపు తొడుగులతోను కనబడుదురు. యుద్ధమును దగ్గఱనుండి ఎఱిగినవారు చెక్కిన ఈ మొరటు శిల్పమే రాజధానిలోని సుందరశిల్పముకంటె నమ్మదగినదని నా నిశ్చితాభిప్రాయము.

ఇట్లు రెండు శిల్పములు రెండు విధముల పలుకుచుండగా నిజమును తేల్చుటెట్లు? మట్టిలో దొరికిన తునకను పరీక్షించి, దానివంటిదానిని మరల తయారుచేసి, ఒడలిపై ధరించి, వాడి చూచుటయే మార్గమని పందొమ్మిదవ శతాబ్దమునుండియు కొందఱు గ్రహించిరి. ఫ్రాన్సు చక్రవర్తి మూడవ నెపోలియన్ జూలియస్ సీజరు చరిత్రను వ్రాయుటకు పూనుకొని, సీజరు గాల్ జాతులను ముట్టడించిన అలేసియాలో 1860వ దశకమున త్రవ్వకములు జరిపించెను; తన సైన్యాధికారియగు వెర్షేర్ ద రెఫీ చేత ప్రాచీన శిలాక్షేపక యంత్రములను మరల నిర్మింపజేసెను. జర్మనీలోని మైంజ్ నగరమున 1852లో పురావస్తు సంగ్రహాలయమును స్థాపించిన లిండెన్‌ష్మిట్ రోమను సైనికుని నిలువెత్తు ప్రతిమను సర్వాయుధసమేతముగా రూపొందించెను. ఇరువదవ శతాబ్దారంభమున ష్రామ్ అను మఱియొక జర్మను సైనికాధికారి ప్రాచీన గ్రంథములలోని కొలతలను ఆధారముగా చేసికొని త్రాళ్ల మెలిబలముతో పనిచేయు క్షేపణయంత్రములను కట్టి ప్రయోగించి చూపెను. ఈ తొలితరమువారి శ్రమ స్తుత్యమైనది. కాని కవచము విషయమున మాత్రము వారికి చిక్కు వీడలేదు.

ఆ చిక్కు ఎట్టిదనగా, 1899లో ఆస్ట్రియాలోని కార్నుంటుమ్ అను రోమను శిబిరమున ఆయుధశాల శిథిలములు బయటపడినపుడు ఇనుప పట్టీల ముక్కలు విస్తారముగా దొరకెను. కాని అవి ఒకదానితోనొకటి సంబంధము లేక చెదరిపోయియుండుటచే, వానిని తోలు అంగరఖాపై వరుసగా కుట్టియుందురని పండితులు తలపోసిరి. ఆ ఊహ అర్ధశతాబ్దమునకు మించి పుస్తకములలో నిలిచెను. తోలు చొక్కాపై ఇనుపరేకులు కుట్టి ధరించి చూచినచో చేయి పైకెత్తుటకు వీలుండునా, ముందునకు వంగినపుడు రేకుల అంచులు కడుపులో గ్రుచ్చుకొనవా యను ప్రశ్న ఎవరైనను వేసికొనియున్నచో అది అంతకాలము నిలిచియుండెడిది కాదు.

1964లో ఇంగ్లండు ఉత్తరభాగమున, హేడ్రియన్ ప్రాకారమునకు కొలదిదూరములో టైను నదీతీరమునందున్న కార్బ్రిడ్జి యను రోమను స్థావరమున త్రవ్వుచుండగా నేలలో పాతిపెట్టిన కొయ్యపెట్టె యొకటి కనబడినది. ఇనుపబద్దలతో బిగించి, తోలు కప్పిన పెట్టె అది. అందు ఈటెల మొనలు, వడ్రంగి పనిముట్లు, మేకులు, ఆటకాయలు మున్నగు పలువిధములైన సామగ్రితోపాటు పట్టీల కవచముల భాగములు గుడ్డలో చుట్టి పొందికగా సర్దియుండెను. క్రీస్తుశకము రెండవ శతాబ్దపు పూర్వార్ధమున ఎవరో దాచి మరల తీసికొనలేదు. పెట్టె కొయ్య చివికినది, గుడ్డయు తోలును నశించినవి; కాని ఇనుము తుప్పుపట్టుచు ఆ తోలులోనికిని గుడ్డలోనికిని చొచ్చి, వాని నేతను, మందమును, అంటుకొనియున్న స్థానమును సహితము ఖనిజరూపమున నిలిపినది. సాధారణముగా తుప్పు పురావస్తు పరిశోధకునకు శత్రువు. ఇచ్చట అదియే సాక్ష్యమును కాపాడినది.

ఈ ముద్దలను విప్పి చదువగలిగినవాడు హెచ్. రసెల్ రాబిన్సన్. లండన్ టవర్‌లోని ఆయుధశాలలో పనిచేసిన రాబిన్సన్ పండితుడే కాక స్వయముగా సమ్మెట పట్టి రేకు వంచగల పనివాడు. రోమను కవచములజోలికి రాకమునుపు తూర్పుదేశముల కవచములను, ముఖ్యముగా జపాను దేశపు కవచములను, క్షుణ్ణముగా పరిశీలించి గ్రంథములు వ్రాసియుండెను. జపాను కవచములలో లోహపు పట్టీలు ఒకదానిక్రింద నొకటి త్రాళ్లతో వ్రేలాడుచుండును. కార్బ్రిడ్జి రేకుల లోపలివైపున రివెట్ల వరుసలను, వానిక్రింద తోలు జాడలను చూడగానే ఆయనకు సత్యము స్ఫురించుటలో ఆ పూర్వపరిచయము తోడ్పడియుండునని నా ఊహ. త్రవ్వకములలో పాల్గొన్న చార్లెస్ డేనియల్స్‌తో కూడి ఆయన కట్టిన నమూనాలో తోలు అంగరఖా లేనే లేదు. లోపలివైపున నిలువుగా దిగు తోలుపట్టీలు, వానికి రివెట్లతో బిగించిన ఇనుపపట్టీలు, అంతే. పట్టీ పట్టీపై జరుగుచుండుటచే ధరించినవాడు వంగినను నిటారుగా నిలిచినను కవచము రొయ్య వీపువలె తానును ముడుచుకొనుచు సాగుచుండును. 1975లో ఆయన ప్రకటించిన గ్రంథము ఈ విద్యకు నేటికిని పునాది.

ఆ నిర్మాణమును కొంచెము నిదానముగా చూడవలెను. నడుముచుట్టు ఏడు లేక ఎనిమిది జతల అర్ధచక్రములు. అవి కుడి యెడమలుగా రెండు విడిభాగములై, ముందును వెనుకను ఇత్తడి కొక్కెములకు తోలుత్రాటిని అల్లి బిగించుటచే ఒక్కటగును. వక్షమునకును మెడవెనుకకును చిన్నరేకులు. అవి ఇత్తడి బందులతో కలుపబడియుండును. భుజములపై మూడుముక్కల పెద్దపట్టీలు, వాని నంటి బాహువులమీదికి జారు చిన్నపట్టీలు. పై భాగమును క్రింది భాగమునకు బకిళ్లతోనో కొక్కెములతోనో తగిలింతురు. మొత్తము నాలుగు ఖండములు. ధరించువాడు ముందు తెఱచియున్న కోటును తొడుగుకొనినట్లు చేతులు దూర్చి, రొమ్ముపై బకిలు బిగించి, కడుపుమీది త్రాటిని పైనుండి క్రిందికి అల్లుకొనును. ప్రక్కన సహాయకుడొకడున్న పని సుళువగును. విప్పి నేల బెట్టగానే పట్టీలు ఒకదానిలోనొకటి దిగిపోయి కవచమంతయు చిన్నకట్టయై పెట్టెలో సర్దుటకు వీలగును. కార్బ్రిడ్జి పెట్టెను దాచినవారు చేసిన పని సరిగా అదియే. రాబిన్సన్ పద్ధతిని చేసిన కవచములు 9 కిలోగ్రాముల ప్రాంతమున తూగుచున్నవి. ఆ బరువంతయు భుజములపైనే పడును గనుక లోపల దళసరియైన మెత్తని అంగీ లేనిదే గంటసేపు నిలువజాలమని ధరించినవారందఱును చెప్పుదురు. అంతేకాదు, భుజములపై మెత్త లేకున్నచో వక్షస్థలపు రేకులు సరిగా కలియక ఒకదానిపైనొకటి వాలిపోవును. శిల్పములలో కానరాని ఈ లోపలి అంగీని కవచముయొక్క ఆకృతియే మనకు తెలుపుచున్నదన్నమాట. హేడ్రియన్ ప్రాకారమునకు దగ్గఱనున్న విందొలాండా కోటలో దొరికిన కొయ్యరేకుల లేఖలలో ఇట్టి లోపలి వస్త్రము పేరు గలదు.

ఈ కవచమునందలి బలహీనతయు వాడుకలోనే బయటపడినది. సన్నని ఇత్తడి బందులు, బకిళ్లు కొలదికాలపు కవాతునకే విఱుగును. రోమను శిబిరముల త్రవ్వకములలో విఱిగిన బందుల ముక్కలు అన్ని చోటులను కుప్పలుగా దొరకుటకు కారణమిదియే. స్కాట్లండులోని న్యూస్టెడ్‌లో దొరికిన తరువాతి కాలపు కవచమున బందులకు బదులు రివెట్లును, మొరటు కొక్కెములును వచ్చినవి. సైన్యమునందలి కమ్మరి తన అనుభవమునుబట్టి నగిషీని త్యజించి దిట్టతనమును వరించెను.

ఇక ఇనుము మాట. నేడు కవచము చేయదలచినవాడు అంగడికిపోయి యంత్రములలో సాగదీసిన ఉక్కురేకును కొనితెచ్చుకొనును; మందము అంతటను సమానముగా నుండును, మలినముండదు. రోమను కమ్మరికి ఆ సౌకర్యము లేదు. అతని కొలిమిలో ఇనుము కరిగి ద్రవమై పాఱదు. చిట్టెముతో కలిసిన మెత్తని ముద్దగా దిగును. దానిని మరల మరల కాల్చి, సమ్మెటతో మోది, చిట్టెమును పిండివేసి, కడ్డీగా చేసి, ఆ కడ్డీని మరల రేకుగా సాగగొట్టవలెను. పీటర్ క్రూ అను పురావస్తు శాస్త్రజ్ఞుడు వేల్సు దేశమున ప్రాచీనపద్ధతి కొలిమిని కట్టి ప్రయోగము చేసి, శుద్ధమైన ఒక్క కిలోగ్రాము ఇనుపకడ్డీకి దాదాపు 100 కిలోగ్రాముల బొగ్గును, ఒక మనిషి 25 దినములు చేయు పనియు పట్టునని 1991లో ప్రకటించెను. అది రోమనుల రాకకు పూర్వపు చిన్నకొలిమి. రోమనుల పెద్ద కొలుములలో వ్యయము కొంత తగ్గియుండవచ్చును. అయినను ఒక్కొక్క కవచము 9 కిలోగ్రాములనుకొన్నచో ఐదువేలమంది గల లీజియనునకు 45 టన్నుల రేకు కావలెను. ఇట్టి లీజియనులు ఇంచుమించు ముప్పది యుండిన సామ్రాజ్యమున ఎన్ని అడవులు బొగ్గై కాలియుండునో పాఠకులే ఊహింపవచ్చును. విందొలాండాలో దొరికిన ఒక లేఖలో ఆనాటి కర్మశాలలలో 343 మంది పనిలోనున్నట్లును, వారిలో 12 మంది చెప్పులు కుట్టువారైనట్లును లెక్క వ్రాయబడియున్నది. రోమను సైన్యపు బలము రణరంగముననే గాక ఇట్టి పనిశాలలలోనే ఎక్కువగా నుండినదని నేను నమ్ముచున్నాను.

కత్తుల సంగతియు ఇట్టిదే. బ్రిటిష్ మ్యూజియమునకు చెందిన జానెట్ లాంగ్ 1988లో ప్రకటించిన పరిశోధనలో కొన్ని రోమను కత్తుల లోహమును సూక్ష్మదర్శినితో పరీక్షింపగా, కొన్నిటికి ఉక్కు అంచును పెట్టి ఎఱ్ఱగా కాల్చి నీట ముంచి పదును పట్టించిన జాడలు కనబడినవి. మఱికొన్ని ఆ సంస్కారమే లేని మెత్తని ఇనుము. ఒకే సేనలో, ఒకే కాలమున, ఒకని కత్తి మేలైనది, ప్రక్కవాని కత్తి వంగునది. నేటి స్ప్రింగు ఉక్కుతో చేసిన కత్తితో మాంసఖండములను నఱికి చూపి రోమను ఖడ్గము ఇంతటిదని చాటువారు ఈ సంగతిని మఱువరాదు.

డాలు విషయమున మనకు లభించిన సాక్ష్యము అపూర్వమైనది. ఎందుకనగా కొయ్యయు తోలును ఐరోపా తడినేలలో సాధారణముగా నిలువవు, ఎడారి ఇసుకలో నిలుచును. 1900లో ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతమున కస్ర్-ఎల్-హరిత్ వద్ద 128 సెంటీమీటర్ల పొడవు, 63.5 సెంటీమీటర్ల వెడల్పు గల కోలడాలు దొరకెను. దానిని మొదట కెల్టు జాతివారిదనుకొనిరి. తరువాత దాని నిర్మాణమును పరిశీలింపగా, క్రీ. పూ. రెండవ శతాబ్దమున గ్రీకు చరిత్రకారుడు పొలీబియస్ వర్ణించిన రోమను డాలునకు అది మిక్కిలి దగ్గఱగా నున్నది. పలుచని బర్చ్ కొయ్యబద్దలను మూడు పొరలుగా, ఒక పొర నిలువుగాను మఱియొక పొర అడ్డముగాను, జిగురుతో అతికించి వంపుదీర్చిరి. నేటి ప్లైవుడ్ సూత్రమే అది: ఒక పొర నారవెంబడి చీలబోయినచో మఱియొక పొర నార అడ్డుపడును. నడుమ మందము, అంచులవద్ద పలుచన. అందుచే దెబ్బకు అంచులు కొంచెము వంగి వేగమును హరించును. ఆంగ్ల పరిశోధకుడును చిత్రకారుడునగు పీటర్ కానలీ ఈ కొలతలతోనే డాలు చేయగా అది 10 కిలోగ్రాములు తూగెను.

పది కిలోగ్రాముల డాలును ఎట్లు పట్టుకొందురు? దాని వెనుక అడ్డముగా నొకటే పిడి కలదు. ముంజేతికి తగిలించుకొను పట్టీ లేదు. పిడికిలితో పైనుండి పట్టినపుడు చేయి నిటారుగా క్రిందికి దిగి, బరువు భుజమునుండి వ్రేలాడును. మోచేయి మడిచి ఎత్తిపట్టినచో కొలది నిమిషములలోనే కండరములు వణకును. చేయి దించి తొడకు ఆనించి పట్టినచో చాలసేపు నిలువవచ్చును. ఆ స్థితినుండియే మొత్తము దేహభారముతో నడుమనున్న లోహపు బొడిపెను శత్రువు ముఖమునకు పొడుచుట సహజముగా వచ్చును. యుద్ధమున రోమనుడు డాలును ఆయుధముగా గూడ వాడెనని గ్రంథములు చెప్పిన మాట చేతికి అర్థమగునది అప్పుడే. కొత్తగా చేరినవారికి రెండింతలు బరువైన సన్నకొమ్మల అల్లిక డాళ్లును, కొయ్యకత్తులును ఇచ్చి శిక్షణ నిచ్చెడివారని వెగేషియస్ అను గ్రంథకర్త వ్రాసెను. ఆ శిక్షణ ఏల అవసరమైనదో ఈ డాలును కొంతసేపు పట్టినవానికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవ శతాబ్దపు వంపు డాలు ఒకటి సిరియాలో యూఫ్రటీసు తీరముననున్న దూరా-యూరోపస్ నగరమున లభించినది. పారశీకుల ముట్టడికి క్రీ. శ. 256 ప్రాంతమున పడిపోయిన ఆ నగరమును యేల్ విశ్వవిద్యాలయమువారును ఫ్రెంచి పండితులును 1928 మొదలు 1937 వఱకు త్రవ్విరి. ముక్కలుగా దొరికి అతికింపబడి యేల్ సంగ్రహాలయమున నున్న ఈ డాలుపై ఎఱ్ఱని నేలమీద డేగ, సింహము, విజయదేవతలు చిత్రితములై నేటికిని వెలిసిపోలేదు. లీజియనుల వంపు డాళ్లలో పూర్తిగా దక్కినది లోకమున ఇదొక్కటే. ఇన్ని లక్షల డాళ్లు చేసిన సేననుండి ఒకటి! పునర్నిర్మాణములన్నియు ఎంతటి సన్నని ఆధారముపై నిలిచియున్నవో దీనివలన తెలియును.

విసరు బల్లెమగు పైలమ్ గుఱించి ఒక వివాదము కలదు. రెండు మీటర్ల పొడవున, సగమువఱకు కొయ్యకాడ, ఆపై సన్నని ఇనుపశలాక, దాని కొనను పిరమిడువంటి చిన్న మొన. శత్రువు డాలునకు తగులగానే శలాక వంగిపోవుటకై దానిని మెత్తగా చేసిరని పాఠ్యపుస్తకములు చెప్పును. క్రీ. పూ. 58లో హెల్వేటియనులతో జరిగిన యుద్ధమున ఒకే బల్లెము రెండు మూడు డాళ్లను గ్రుచ్చి కలుపగా, ఇనుము వంగి లాగుటకు రాక, శత్రువులు డాళ్లను పారవైచి ఒట్టి మేనులతో పోరాడిరని సీజరు వ్రాసెను. మేరియస్ సేనాని రెండు ఇనుపచీలలలో ఒకదానిని తీసి కొయ్యచీల పెట్టించెనని ప్లూటార్కు చెప్పెను. నేటివారు చేసిన నమూనాలను విసరి చూడగా ప్రధానోద్దేశము మఱియొకటి యని తోచుచున్నది. మొన చేసిన రంధ్రము శలాకకంటె వెడల్పైనది. అందుచే పలక చీల్చిన పిమ్మట శలాక ఒఱపిడి లేక లోనికి జారి, వెనుకనున్న కాడ బరువు తోయుచుండగా డాలు దాటి మనిషిని చేరును. ఈ పొడవైన శలాకకు ప్రయోజనమదియే. వంగుట కొన్నిమార్లు జరుగును, కొన్నిమార్లు జరుగదు. ఏటవాలుగా నేలకు తగిలినపుడు ఎక్కువగా జరుగును. సీజరు అసత్యము చెప్పలేదు. ఆయన చూచిన ఫలితమును తరువాతివారు ఉద్దేశమని భ్రమించిరి.

సైనికుడు రోజులో పోరాడునది కొలదిసేపు, నడచునది చాలసేపు. వేసవిలో ఐదు గంటలలో 20 రోమను మైళ్లు, అనగా ఇంచుమించు 30 కిలోమీటర్లు నడువవలెనని వెగేషియస్ నియమము. 1985లో జర్మను చరిత్రకారుడు మార్కుస్ యుంకెల్మాన్ కొందఱు సహచరులతో లీజియను సైనికుల వేషమున ఇటలీలోని వెరోనానుండి ఆల్ప్సు పర్వతములు దాటి జర్మనీలోని ఔగ్స్‌బుర్గ్ చేరెను. కవచ శిరస్త్రాణములతోను, డాలుతోను, భుజముపై కఱ్ఱకు కట్టిన మూటతోను, మేకులు దిగగొట్టిన చెప్పులతోను నడచి, ప్రతి వస్తువు దేహముపై చేయు పనిని గ్రంథస్థము చేసెను. మేకుల చెప్పు మట్టిబాటలో, పచ్చికలో పట్టు నిచ్చును. నున్నని రాతిపై జాఱును. ఈ జాఱుటకు ప్రాచీనసాక్ష్యము కలదు. క్రీ. శ. 70లో యెరూషలేము ముట్టడిలో జూలియానస్ అను శతాధిపతి ఒంటరిగా శత్రువులను తఱుముచు ఆలయప్రాంగణపు రాతినేలపై చెప్పుల మేకులు జాఱి వెల్లకిల పడి, చుట్టుముట్టినవారిచేత హతుడయ్యెనని యోసేఫస్ వర్ణించెను. ఆ వర్ణన చదివినవారికి అది ఒక వీరుని దురదృష్టముగా మాత్రమే తోచును. ఆ చెప్పులతో రాతిమెట్లు దిగినవారికి అది కన్నులకు కట్టును.

అశ్వికుల విషయమున ఒక పాతభ్రమను తొలగించిన ఘనత కానలీదే. రోమనులకు రికాబులు లేవు. కావున వారి అశ్వబలము గుఱ్ఱముపై నిలుకడగా కూర్చుండి గట్టిగా పొడువజాలదని చాలకాలము తలచిరి. న్యూస్టెడ్‌లో జేమ్స్ కర్ల్ 1905–1910 నడుమ జరిపిన త్రవ్వకములలో వంపు తిరిగిన కంచు రేకులు దొరకెను. నెదర్లాండ్స్‌లోని వాల్కెన్‌బుర్గ్‌లో జీను తోలు దొరకెను. ఈ రెండింటిని కలిపి కానలీ కొయ్యచట్రముపై నాలుగు మూలల నాలుగు కొమ్ములు గల జీనును నిర్మించెను. ముందు రెండు కొమ్ములు తొడలపైకి వంగి వానిని అదిమి పట్టును, వెనుక రెండు నడుమునకు ఆనును. ఎక్కి చూచిన రౌతులు పక్కలకు వంగి నేలనున్నవానిని కొట్టినను, గుఱ్ఱము తటాలున ఆగినను జాఱిపడలేదు.

ఈ విద్యయందు నాకు గల గౌరవమెంతయో దాని ప్రమాదములనుగూర్చిన భయమును అంతే. 1972లో ఇంగ్లండున ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అను సంఘము రోమను సైన్యసామగ్రిని శ్రద్ధగా పునర్నిర్మించి ప్రదర్శించుటకు ఏర్పడినది; అట్టివి పిమ్మట పలుదేశములలో వెలసినవి. వారిలో ఉత్తములు ప్రతి మేకునకును ఆధారము చూపగలరు. కాని ఒకడు చేసినదానిని చూచి మఱియొకడు, వానిని చూచి వేఱొకడు చేయుచు పోగా నమూనాయే ప్రమాణమై కూర్చుండును. చలనచిత్రములలోని ప్రతి రోమనుడును మణికట్టులకు తోలు కట్లు ధరించును; వానికి త్రవ్వకములలో గాని శిల్పములలో గాని ఆధారము లేదు. వేయిమంది సైనికులును ఒకే అచ్చున పోసినట్లు ఒకే కవచముతో, ఒకే రంగుతో నిలుచుటయు ఇట్టిదే. అసలు సేనలో తండ్రులతరము నాటి గొలుసు కవచమును ధరించినవాడును, కొత్త పట్టీల కవచమును ధరించినవాడును ప్రక్కప్రక్కనే నిలిచియుందురు. శిరస్త్రాణములపై చెక్కిన రెండు మూడు పేర్లు ఒకే వస్తువు చేతులు మాఱిన సంగతిని చాటుచున్నవి.

మంచి పునర్నిర్మాణమునకు నేను కోరు లక్షణము ఒక్కటే: అది తప్పని తేలుటకు వీలుండవలెను. పట్టీల కవచము క్రీస్తుశకము మొదటి శతాబ్దపు నడిమికాలమున పుట్టినదని ఒకప్పుడు నమ్మిరి. జర్మనీలో, క్రీ. శ. 9లో వారుస్ సేనాని మూడు లీజియనులతో నశించిన రణభూమిగా భావింపబడు కాల్క్రీజె వద్ద అట్టి కవచపు రొమ్మురేకు దొరకి, ఆ నమ్మికను తొలగించి, దాని పుట్టుకను అగస్టస్ కాలమునకు వెనుకకు నెట్టినది. అచ్చటనే 2018లో దాదాపు పూర్తికవచమొకటి కనబడగా, దానిని త్రవ్వి విప్పుటకు బదులు చుట్టునున్న మట్టితో కూడ పెద్దదిమ్మగా తీసి, ఫ్యూర్త్ నగరమునందలి ఫ్రాన్‌హోఫర్ సంస్థవారి ఎక్స్‌రే యంత్రముచే లోపలి పట్టీల అమరికను ముందుగా చిత్రించిరి. రాబిన్సన్ వేళ్లతోను, కన్నులతోను తుప్పులో వెదకినదానిని నేడు కిరణములు మట్టి కదల్చకయే చూపుచున్నవి.

న్యూస్టెడ్‌లో కర్ల్ ఏరి దాచిన వస్తువులలో ఇత్తడి పట్టీల ముక్కలు కొన్ని యుండెను. వానిని తొడకవచమేమో యని గూడ భావించిరి; అది ఆదాంక్లిసి శిల్పములలో సైనికులు కత్తిచేతికి తొడిగినట్టి బాహురక్షయని తరువాత తేలినది. నూటికి మించిన ఆ ముక్కలను స్కాట్లండు జాతీయ సంగ్రహాలయపు నిపుణులు ఒక్కొక్కటిగా కూర్చి, భుజమునుండి మణికట్టువఱకు మరల నిలిపి 2024లో లండనులోని బ్రిటిష్ మ్యూజియమున రోమను సైన్యమునుగూర్చిన ప్రదర్శనకు పంపిరి. మొరటు శిల్పులు చెక్కినది సరియైనదే.